రెండు భాగాలూ బాగానే పనిచేశాయి, కలిపితే ఎందుకు ఆగిపోయింది?



గత పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మగారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మేడమ్, సైన్స్ ఫెయిర్‌లో మా అమ్మాయి చేసిన భాగం బాగానే పనిచేసింది కదా. పక్కమ్మాయి భాగం కూడా బాగుందనే అన్నారు. మరి ఇద్దరికీ మార్కులెందుకు తగ్గాయి?"

వాళ్లు చేసింది వాటర్ ట్యాంక్ అలారం. ఒకమ్మాయి నీటిమట్టం కనిపెట్టే సెన్సర్ సర్క్యూట్ చేసింది, దానికి సొంత బ్యాటరీ ఉంది. రెండో అమ్మాయి ఆర్డుయినో బోర్డు మీద బజర్ మోగించే ప్రోగ్రామ్ రాసింది, దానికి లాప్‌టాప్ నుంచి కరెంటు. ఎవరింట్లో వాళ్లు చూసుకుంటే రెండూ చక్కగా నడిచాయి. ఫెయిర్ రోజు పొద్దున ఒక వైరుతో రెంటినీ కలిపారు. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు మోగింది, నిండాక ఒకసారి మోగింది, ఒకసారి మోగలేదు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు నేను ఆ అమ్మగారితో "ప్రాజెక్ట్ అంటే మొత్తం కలిపి కదండీ" అని చెప్పి, వెనక లైను పెద్దగా ఉందని తర్వాతి వారిని పిలిచాను. అది సరైన జవాబు కాదని ఇంటికెళ్లాక అనిపించింది. ఆ జవాబును ఈ నెల ఈ పేజీలో చెప్పే ప్రయత్నం చేస్తాను. దాని కోసం ఒక చిప్ లోపలికి వెళ్దాం. ఎందుకంటే మన అమ్మాయిల బల్ల మీద జరిగిందే, ప్రపంచంలోని పెద్ద పెద్ద చిప్‌ల లోపల కూడా ఇంజినీర్లను ఇబ్బంది పెట్టే విషయం.

ఒకే కప్పు కింద రెండు రకాల గదులు

మన స్కూలు బిల్డింగును ఒకసారి ఊహించుకోండి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో సింకులు, కుళాయిలు, గ్యాస్ లైను గోడల్లోనే ఉంటాయి. ఆ గదిని ఆ పని కోసమే కట్టారు. అందులో ఆ పని వేగంగా జరుగుతుంది, కానీ రేపు దాన్ని లైబ్రరీగా మార్చలేం. మామూలు క్లాస్‌రూములు అలా కాదు. ఈ ఏడాది ఆరో తరగతి, వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి, పరీక్షలప్పుడు ఎగ్జామ్ హాల్. గోడలు అవే, టైమ్‌టేబుల్ మారితే గది పని మారుతుంది.

చిప్‌లలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. ల్యాబ్ లాంటివి ఫిక్స్‌డ్ బ్లాకులు. ప్రాసెసర్, మెమరీ కంట్రోలర్, గుణకారం చేసే బ్లాకు వంటివి ఫ్యాక్టరీలోనే సిలికాన్‌లో స్థిరంగా తయారవుతాయి. క్లాస్‌రూమ్ లాంటిది ప్రోగ్రామబుల్ లాజిక్. చిప్ కొన్న తర్వాత మనం ఏ సర్క్యూట్ కావాలంటే ఆ సర్క్యూట్‌గా దాన్ని మలుచుకోవచ్చు. ఇలాంటి చిప్‌లను ఎఫ్‌పీజీఏ అంటారు.

కొన్న తర్వాత సర్క్యూట్ మారడం ఎలా సాధ్యం? ఎక్కాల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఏడు ఎనిమిదులు ఎంత అంటే లెక్క కట్టకుండా పుస్తకం తెరిచి జవాబు చూసుకోవచ్చు. ప్రోగ్రామబుల్ లాజిక్ లోపల అలాంటి చిన్న చిన్న జవాబుల పట్టికలు వేలల్లో ఉంటాయి. వీటిని లుక్-అప్ టేబుల్స్ అంటారు. ఒక్కో పట్టికకు 6 ఇన్‌పుట్‌లు ఉంటే, ఒక్కోటి 0 లేదా 1 కాబట్టి, 64 వరుసలు వస్తాయి. ఆ 64 వరుసల్లో ఏ జవాబులు రాసి పెడితే అది ఆ సర్క్యూట్‌లా ప్రవర్తిస్తుంది. 64 గడుల్లో 0, 1 లను ఎన్ని రకాలుగా నింపవచ్చో మీ పిల్లల్ని అడగండి. రెండుని 64 సార్లు గుణించాలి. 1 పక్కన 19 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య కంటే ఎక్కువ!

అన్నీ మార్చుకోగలిగేవే పెడితే పోలేదా?

వెసులుబాటు ఊరికే రాదు. 2006లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ కువాన్, జొనాథన్ రోజ్ ఈ లెక్క కట్టారు. ఒకే సర్క్యూట్‌ను స్థిరంగా తయారు చేసిన చిప్‌లో, ప్రోగ్రామబుల్ పట్టికలతో కట్టిన చిప్‌లో పోల్చి చూశారు. రెండోదానికి సగటున 35 నుంచి 40 రెట్లు ఎక్కువ స్థలం పట్టింది. వేగం 3 నుంచి 4 రెట్లు తగ్గింది. అయితే గుణకారం, మెమరీ లాంటి పనులను ఫిక్స్‌డ్ బ్లాకులకు అప్పగిస్తే స్థలంలో తేడా సుమారు సగం దాకా తగ్గింది.

అంటే తరచూ అవసరమయ్యే, మారని పనులను స్థిరంగా కట్టేయాలి. రోజుకో రకంగా మారే పనులకు క్లాస్‌రూములు ఉంచాలి. రెండూ ఒకే చిప్‌లో ఉండాలి.

ఈ ఆలోచన ఒక్క రోజులో రాలేదు. అమెరికాలోని జైలింక్స్ సంస్థ 1985లో తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏలో 64 లాజిక్ బ్లాకులే ఉండేవి. 2000లో ఆల్టెరా సంస్థ ఎక్స్‌కాలిబర్ అనే చిప్‌లో ఆర్మ్ ప్రాసెసర్‌ను, ప్రోగ్రామబుల్ లాజిక్‌ను కలిపింది. 2002లో జైలింక్స్ తన వర్టెక్స్-2 ప్రో చిప్‌లలో పవర్‌పీసీ ప్రాసెసర్‌ను పెట్టింది. కానీ ఆ ప్రాసెసర్ తనంతట తాను నిలబడలేకపోయేది. బయటి మెమరీతో మాట్లాడాలన్నా ఆ దారిని ప్రోగ్రామబుల్ లాజిక్‌లో మనమే ముందుగా కట్టుకోవాల్సి వచ్చేది. స్టాఫ్‌రూమ్ కట్టారు కానీ దారి వేయలేదన్నమాట.

2011లో జైలింక్స్ ప్రకటించిన జింక్-7000 చిప్‌లు ఈ వరుసను తిరగేశాయి. ఇందులో రెండు ఆర్మ్ కార్టెక్స్-ఏ9 ప్రాసెసర్లు, వాటి మెమరీ కంట్రోలర్, యూఎస్‌బీ, ఈథర్‌నెట్ అన్నీ స్థిరంగా కట్టి ఉంటాయి. కరెంటు ఇవ్వగానే ముందు ప్రాసెసర్ లేస్తుంది. ఆ తర్వాత అదే ప్రోగ్రామబుల్ లాజిక్‌లోకి సర్క్యూట్ వివరాల ఫైలును నింపుతుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా కనిపించే 7020 రకం చిప్‌లో 53,200 లుక్-అప్ టేబుల్స్, గుణకారం చేసే బ్లాకులు 220, మెమరీ బ్లాకులు 140 ఉంటాయి. నింపాల్సిన ఫైలు సుమారు 4 మెగాబైట్లు, అంటే మీ ఫోన్‌లో ఒక ఫొటో అంత.

ఇక అసలు విషయం. రెండు రకాల గదులూ ఒకే కప్పు కిందికి వచ్చాయి. వాటి మధ్య తలుపు ఎలా పెట్టాలి?

తలుపు దగ్గర నాలుగు ఒప్పందాలు

మొదటిది వోల్టేజీ. ప్రాసెసర్ వైపు, ప్రోగ్రామబుల్ వైపు కరెంటు సరఫరాలు వేరు వేరు. ఒక వైపు ఆన్‌లో ఉండి రెండో వైపు ఆఫ్‌లో ఉండవచ్చు. అలాంటప్పుడు వైర్లు నేరుగా కలిపితే అవతలి నుంచి వచ్చేది 0నో 1నో తెలియదు. అందుకే మధ్యలో లెవల్ షిఫ్టర్లు అనే చిన్న సర్క్యూట్లు పెట్టారు. అవతలి వైపు కరెంటు వచ్చి, సర్క్యూట్ నిండి సిద్ధమయ్యాకే వాటిని తెరుస్తారు. అంతవరకూ తలుపు మూసే ఉంటుంది.

మన అమ్మాయిల అలారం తడబడింది ఇక్కడే. సెన్సర్‌కు ఒక బ్యాటరీ, బోర్డుకు మరో సరఫరా. వాళ్లు కలిపింది సిగ్నల్ వైరు ఒక్కటే, రెండు గ్రౌండ్‌లనూ కలపలేదు. వోల్టేజీ అంటే రెండు బిందువుల మధ్య తేడా అని మేము పాఠంలో చెబుతాం. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక సున్నా లేనప్పుడు, ఒకమ్మాయి పంపిన "నిండింది" అనే మాటను రెండో అమ్మాయి బోర్డు దేనితో పోల్చి చూడాలి? అందుకే దాని ఇష్టం వచ్చినట్టు మోగింది.

రెండోది తాళం. చాలా డిజిటల్ సర్క్యూట్లు ఒక గడియారం దెబ్బకు అడుగులు వేస్తాయి. ఒక జింక్ బోర్డులో ప్రాసెసర్ సెకనుకు 65 కోట్ల అడుగులు వేస్తుంటే, పక్కనే మనం కట్టిన సర్క్యూట్ 10 కోట్ల అడుగులే వేస్తుండవచ్చు. కోలాటంలో రెండు జట్లు వేరు వేరు తాళాలకు ఆడుతూ కర్రలు తగిలించుకోవాలంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఒక సిగ్నల్ సరిగ్గా మారుతున్న క్షణంలోనే అవతలి వైపు దాన్ని చదివితే, అంచు మీద నిలబడ్డ రూపాయి బిళ్లలా కాసేపు అది 0 కాదు, 1 కాదు. దీన్ని మెటాస్టబిలిటీ అంటారు. పరిష్కారం చాలా సాదాది. చదివిన విలువను వెంటనే వాడకుండా వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపుతారు. రెండో అడుగు పడే లోపు బిళ్ల ఏదో ఒక వైపు పడిపోయే అవకాశం చాలా ఎక్కువ. ఎక్కువ డేటా వెళ్లాలంటే మధ్యలో క్యూ లాంటి మెమరీ పెడతారు. ఒకరు తమ వేగంతో నింపుతారు, మరొకరు తమ వేగంతో తీసుకుంటారు.

మూడోది తాజా ప్రతి. టీచర్ పేపర్లు దిద్ది మార్కులు తన డైరీలో సరిచేశారు, ఆఫీసు రిజిస్టర్‌లో ఇంకా ఎక్కించలేదు. ఆ లోపు ఎవరైనా రిజిస్టర్ చూస్తే పాత మార్కులే కనిపిస్తాయి. ప్రాసెసర్‌కు కూడా క్యాష్ అనే డైరీ ఉంటుంది. జింక్ చిప్‌లో డేటా రాకపోకలకు ప్రధానంగా 9 ద్వారాలున్నాయి. నాలుగు మామూలు గేట్లు, చిన్న చిన్న ఆదేశాలకు. మరో నాలుగు లారీ గేట్లు, మెమరీకి పెద్ద మొత్తంలో డేటా చేరవేయడానికి. ఈ లారీ గేట్లు రిజిస్టర్‌నే చూస్తాయి, డైరీని చూడవు. అందుకని ప్రోగ్రామర్ ముందే డైరీలోది రిజిస్టర్‌లోకి ఎక్కించాలి. తొమ్మిదో ద్వారం మాత్రం డైరీని కూడా సరిచూసి జవాబిస్తుంది. ఏ పనికి ఏ గేటు అన్నది డిజైన్ చేసేవారు ఆలోచించి ఎంచుకోవాలి.

నాలుగోది చేతికి చేయి అందించడం. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

స్కూలు గేటు దగ్గర ఇద్దరి మొహమాటం

సాయంత్రం చిన్నపిల్లల్ని పంపేటప్పుడు మన గేటు దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆయమ్మ పాపను చేయి పట్టుకుని గేటు దాకా తెస్తుంది. మీరు పికప్ కార్డు చూపిస్తారు. రెండూ ఒకే సమయంలో ఉన్నప్పుడు పాప చేయి మారుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా మారదు.

జింక్ లోపలి ద్వారాలన్నీ ఏఎక్స్‌ఐ అనే ఒప్పందం ప్రకారం నడుస్తాయి. ఆర్మ్ సంస్థ దీన్ని 2003లో విడుదల చేసింది. ఇందులో ఇచ్చేవారు ఎత్తే సిగ్నల్ పేరు వ్యాలిడ్, అంటే "ఇదిగో డేటా తెచ్చాను". తీసుకునేవారు ఎత్తే సిగ్నల్ పేరు రెడీ, అంటే "తీసుకోవడానికి సిద్ధం". గడియారం దెబ్బ పడినప్పుడు రెండూ ఎత్తి ఉంటేనే డేటా చేతులు మారుతుంది.

ఇప్పుడు ఆయమ్మ "కార్డు చూపిస్తేనే పాపను బయటికి తెస్తాను" అని లోపలే కూర్చుందనుకోండి. మీరేమో "పాప కనిపిస్తేనే కార్డు తీస్తాను" అని బయట నిలబడ్డారు. ఇద్దరి జాగ్రత్తా మంచిదే. కానీ చీకటి పడేదాకా పాప ఇంటికి రాదు. అందుకే ఏఎక్స్‌ఐలో ఒక ఖచ్చితమైన నియమం పెట్టారు. తీసుకునేవారు కావాలంటే వ్యాలిడ్ కోసం ఎదురుచూసి ఆ తర్వాత రెడీ ఎత్తవచ్చు. ఇచ్చేవారు మాత్రం రెడీ కోసం ఎదురుచూడకూడదు. డేటా ఉంటే వ్యాలిడ్ ఎత్తాలి, చేతులు మారేదాకా దించకూడదు. ముందడుగు ఎవరిదో ముందే రాసి పెట్టారన్నమాట.

ఇది నాకు పుస్తకంలో కంటే మా ఇంట్లో బాగా అర్థమైంది. మా తమ్ముడు బీటెక్ ఈసీఈ చివరి ఏడాదిలో, తన ఫ్రెండ్‌తో కలిసి జింక్ చిప్ ఉన్న పింక్ బోర్డు మీద ప్రాజెక్ట్ చేశాడు. కెమెరా బొమ్మలో వస్తువుల అంచులు కనిపెట్టాలి. అంచులు కనిపెట్టే సర్క్యూట్ వీడిది. ఆ ఫలితాన్ని తీసుకుని ప్రాసెసర్ వైపు పంపే సర్క్యూట్ ఫ్రెండ్‌ది. కంప్యూటర్‌లో విడివిడిగా పరీక్షిస్తే రెండూ పాసయ్యాయి. బోర్డు మీద కలిపిన రోజు స్క్రీన్ బిగుసుకుపోయింది. జవాబు కోసం అడిగిన ప్రాసెసర్ అడిగినచోటే ఆగిపోయింది. పవర్ తీసి మళ్లీ పెట్టడం తప్ప దారి లేదు. రివ్యూకు రెండు వారాలే ఉంది. ఫోన్లో ఇద్దరూ "నాది కరెక్టేరా, నీది చూసుకో" అనుకోవడం పక్క గదిలోకి వినిపించేది.

పది రోజుల తర్వాత దొరికింది. వీడి సర్క్యూట్ రెడీ చూశాకే వ్యాలిడ్ ఎత్తుతోంది. ఫ్రెండ్ సర్క్యూట్ వ్యాలిడ్ చూశాకే రెడీ ఎత్తుతోంది. మరి విడిగా ఎందుకు పాసయ్యాయి? వీడు తన పరీక్షలో అవతలివారి రెడీ ఎప్పుడూ ఎత్తే ఉంటుందని రాసుకున్నాడు. ఫ్రెండ్ తన పరీక్షలో వ్యాలిడ్ ఎప్పుడూ ఎత్తే ఉంటుందని రాసుకున్నాడు. ఇద్దరూ తమకు అనుకూలమైన పక్కవాడిని ఊహించుకుని తమ భాగాన్ని పరీక్షించుకున్నారు. నియమం ప్రకారం తప్పు మా తమ్ముడిదే. కోడ్‌లో సరిచేసింది ఒక్క లైను.

ఈసీఈనా, సీఎస్ఈనా?

పదో తరగతి తల్లిదండ్రులు ప్రతి మీటింగ్‌లో అడిగే ప్రశ్న ఇది. ఇంటర్ తర్వాత సంగతే అయినా ఆలోచన ఇప్పుడే మొదలవుతుంది, అందులో తప్పు లేదు. ఏది తీసుకోవాలో నేను చెప్పలేను, అది పిల్లల ఆసక్తిని బట్టి ఉంటుంది. కానీ ఒకటి హార్డ్‌వేర్, ఒకటి సాఫ్ట్‌వేర్, మధ్యలో గోడ అనుకుంటే మాత్రం పొరపాటు. జింక్ లాంటి చిప్ మీద పనిచేసేవారు ఒక చేత్తో ప్రోగ్రామ్, ఇంకో చేత్తో సర్క్యూట్ రాస్తారు. ఇది ఎక్కడో దూరాన జరిగే పని కూడా కాదు. జైలింక్స్‌కు హైదరాబాద్‌లో ఏళ్లుగా పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. 2022 ఫిబ్రవరిలో ఏఎండీ ఆ సంస్థను కొనడంతో అది ఏఎండీలో భాగమైంది. చిప్ డిజైన్ ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లలు ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేటప్పుడు తప్పనిసరిగా చదువుకునే పాఠాల్లో ఈ వ్యాలిడ్, రెడీ ఒకటి.

ఇంట్లో పది నిమిషాల ఆట

ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు ఇచ్చేవారు, ఒకరు తీసుకునేవారు. మాట్లాడకూడదు.

మొదటి ఆట: ఇద్దరికీ చెవిలో విడివిడిగా చెప్పండి. ఇచ్చేవారికి "అవతలివారు చేయి చాపితేనే గ్లాసు ఎత్తు". తీసుకునేవారికి "గ్లాసు ఎత్తితేనే చేయి చాపు". ఏం జరుగుతుందో ఒక నిమిషం చూడండి.

రెండో ఆట: ఇచ్చేవారి నియమం ఒక్కటే మార్చండి. "గ్లాసు ఎత్తి పట్టుకో, తీసుకునేదాకా దించకు."

మూడో ఆట: మీరు చప్పట్లు కొట్టండి. చప్పట్టు పడినప్పుడు గ్లాసు ఎత్తి ఉండి, చేయి చాచి ఉంటేనే గ్లాసు మారాలి.

ఆట అయ్యాక మొదటిసారి ఎవరిది తప్పని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు వినడానికి బాగుంటాయి.

మార్కుల సంగతి

ఆ అమ్మగారికి ఇప్పుడు నా జవాబు. అమ్మా, మీ అమ్మాయి భాగం బాగుంది, రెండో అమ్మాయి భాగం కూడా బాగుంది. రెంటి మధ్య ఉన్న భాగాన్ని ఎవరూ తయారు చేయలేదు. అది కూడా ఒక భాగమేనని, దానికీ సమయం కేటాయించాలని నేను వాళ్లకు ముందుగా చెప్పలేదు. కాబట్టి ఆ మార్కుల్లో కొంత తగ్గాల్సింది నాకే. ఫెయిర్ మర్నాడు ఇద్దరూ ల్యాబ్‌కు వచ్చి రెండు గ్రౌండ్‌ల మధ్య ఒక నల్ల వైరు కలిపారు. బకెట్ నిండగానే మోగింది, ఖాళీ చేయగానే ఆగింది. ఆరుసార్లు చేసి చూశారు.

ఈ టర్మ్ నుంచి మా తొమ్మిదో తరగతి ప్రాజెక్టుల్లో మొదటి రోజే ప్రతి జట్టు ఒక పేజీ రాస్తుంది. నేను ఏం ఇస్తాను, నువ్వు ఏం తీసుకుంటావు, ఎప్పుడు, ముందు ఎవరు. భాగాలు పూర్తికాకపోయినా రెండో వారంలోనే ఒకసారి కలిపి చూస్తాం. ఎవరి భాగానికి వారికి మార్కులుంటాయి, కలిపినదానికి విడిగా ఉంటాయి.

మీ నుంచి కోరేది ఒక్కటే. ప్రాజెక్ట్ రోజుల్లో పిల్లల్ని "నీ భాగం అయిపోయిందా?" అని అడగడంతో పాటు, "నీ భాగం పక్కవాళ్లకు ఏం ఇవ్వాలి? వాళ్లతో మాట్లాడావా?" అని కూడా అడగండి.

ఆ అలారం ఫిజిక్స్ ల్యాబ్‌లో కిటికీ పక్కనే ఉంది. వచ్చే మీటింగ్‌కు వచ్చినప్పుడు ఒకసారి మోగించి చూడండి.


ఫిజికల్ సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం